పద్నాలుగేళ్లకే చివరి తీర్పు: అమెరికాలో మైనర్లకు పెరోల్ లేని యావజ్జీవ శిక్షపై వాదం

పెరోల్ అన్న మాట మన పత్రికల్లో కనిపిస్తే, తల్లి అంత్యక్రియలకో కూతురి పెళ్లికో ఒక ఖైదీ కొద్దిరోజులు బయటికి వచ్చి, గడువు తీరగానే మళ్లీ జైలు గేటు దగ్గర లొంగిపోవడం మన మనసులో మెదులుతుంది. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ శిక్షలో నిర్ణీత భాగం అనుభవించిన ఖైదీని పెరోల్ బోర్డు పిలిపించి, జైల్లో అతని నడవడికను, చదువును, పశ్చాత్తాపాన్ని, బయటికి వస్తే ఎక్కడ ఎలా బతుకుతాడన్న విషయాన్ని పరిశీలించి, సరే అనుకుంటే విడుదల చేస్తుంది; మిగిలిన శిక్షాకాలాన్ని అతడు ఒక అధికారి పర్యవేక్షణలో బయట గడుపుతాడు. మన దగ్గర దీనికి దగ్గరగా వచ్చేది ఆగస్టు 15కో జనవరి 26కో వినిపించే ‘సత్ప్రవర్తన కలిగిన ఖైదీల విడుదల’, అంటే ప్రభుత్వం చేసే శిక్ష తగ్గింపు. యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లేనన్న నమ్మకం మనలో బలంగా ఉంది గానీ, అది జీవితాంతం వరకు సాగే శిక్షేనని మన సుప్రీంకోర్టు 1961లోనే గోపాల్ గాడ్సే కేసులో స్పష్టం చేసింది. పద్నాలుగేళ్లన్నది కొన్ని నేరాల్లో విడుదల సంగతి పరిశీలించడానికి ముందు గడవాల్సిన కనీస గడువు మాత్రమే.

ఈ తేడా తెలిస్తేనే ‘పెరోల్ లేని యావజ్జీవం’ ఎంత కఠినమైన శిక్షో అర్థమవుతుంది. ఆ శిక్ష పడిన మనిషి ఫైలును ఇక ఏ పెరోల్ బోర్డూ తెరవదు. అతడు ముప్పై ఏళ్లు మచ్చ లేకుండా గడిపినా, జైల్లో డిగ్రీ చదివినా, మంచానపడి నడవలేని స్థితికి వచ్చినా, గవర్నర్ క్షమాభిక్ష అనే అరుదైన దారి తప్ప అతనికి మరో దారి లేదు. ఈ శిక్షను పదిహేను, పదహారేళ్ల పిల్లలకు వేయవచ్చా అన్న వాదం అమెరికాలో రెండు దశాబ్దాలుగా నడుస్తోంది. పైకి అది దయకూ కాఠిన్యానికీ మధ్య తగవులా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇది జోస్యానికి సంబంధించిన తగవు అనిపిస్తుంది. ఈ శిక్ష వేసే న్యాయమూర్తి జరిగిన నేరానికి తీర్పు చెప్పడంతో ఆగడు; ఎదురుగా నిలబడిన పిల్లవాడు నలభై ఏళ్లు వచ్చినా, అరవై ఏళ్లు వచ్చినా మారడని కూడా చెబుతున్నాడు. ఆ మాట ఆ రోజే చెప్పగల జ్ఞానం ఎవరికైనా ఉందా అన్నది అసలు ప్రశ్న.

అమెరికాలో పిల్లలకు ప్రత్యేక న్యాయస్థానం అన్న ఆలోచన కొత్తదేమీ కాదు. మొదటి జువెనైల్ కోర్టు 1899లో షికాగోలో మొదలైంది. అయితే 1980ల చివర్లో తుపాకులతో జరిగే బాల నేరాలు బాగా పెరిగాయి. 1995లో జాన్ డిలూలియో అనే రాజనీతి శాస్త్రజ్ఞుడు ‘సూపర్‌ప్రిడేటర్’ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చి, జాలి, భయం ఎరుగని కుర్రాళ్ల తరం ఒకటి రాబోతోందని హెచ్చరించాడు. రాష్ట్రాలు పోటీపడి చట్టాలు మార్చాయి. హత్యానేరం మోపితే చాలు, ముద్దాయి వయసుతో సంబంధం లేకుండా కేసు నేరుగా పెద్దల కోర్టుకు పోయే ఏర్పాటు అనేక చోట్ల వచ్చింది. అక్కడ నేరం రుజువైతే చట్టం ఒకే శిక్షను, అంటే పెరోల్ లేని యావజ్జీవాన్ని, నిర్దేశించేది. ముందున్నవాడు పద్నాలుగేళ్లవాడైనా, నలభై ఏళ్లవాడైనా న్యాయమూర్తి చేతులు కట్టేసినట్టే ఉండేవి. ఇంతకీ ఆ తరం రాలేదు. 1990ల మధ్య నుంచే బాల నేరాలు తగ్గుముఖం పట్టాయి. డిలూలియో స్వయంగా తన అంచనా తప్పని ఒప్పుకొని, తర్వాత సుప్రీంకోర్టుకు ఆ విషయాన్ని తెలిపిన నేరశాస్త్ర నిపుణులతో చేయి కలిపాడు. అయితే ఆ భయంతో తెచ్చిన చట్టాలు మాత్రం అలాగే ఉండిపోయాయి. వాటి కింద శిక్షపడినవారిలో ఎక్కువ మంది నల్లజాతి పిల్లలే.

ఈ నేపథ్యంలో అమెరికా సుప్రీంకోర్టు అడుగులు మరణశిక్షతో మొదలయ్యాయి. 2005లో రోపర్ వర్సెస్ సిమన్స్ కేసులో, నేరం నాటికి 18 ఏళ్లు నిండనివారికి ఉరి వేయడం రాజ్యాంగ 8వ సవరణ నిషేధించిన ‘క్రూరమైన, అసాధారణమైన శిక్ష’ అవుతుందని 5-4 ఆధిక్యంతో తీర్పు వచ్చింది. జస్టిస్ ఆంథొనీ కెన్నడీ అందులో మూడు కారణాలు చూపారు. పిల్లల్లో నిగ్రహం, బాధ్యత ఇంకా పక్వానికి రావు. తోటివారి ప్రభావానికి తేలిగ్గా లోనవుతారు, చెడ్డ పరిసరాల నుంచి తమంతట తాము బయటపడే స్వేచ్ఛ వారికి ఉండదు. వారి స్వభావం ఇంకా గట్టిపడలేదు. ఆ తర్వాతి తీర్పులన్నీ ఈ మూడో మాట చుట్టూనే తిరిగాయి.

2010లో వచ్చిన గ్రాహం వర్సెస్ ఫ్లోరిడా కేసులో హత్య లేదు. టెరెన్స్ గ్రాహం పదహారేళ్ల వయసులో జాక్సన్‌విల్‌లో ఒక రెస్టారెంట్ దోపిడీకి ప్రయత్నించి పట్టుబడి, ప్రొబేషన్ మీద, అంటే అధికారి పర్యవేక్షణలో నడుచుకోవాలన్న షరతుతో, బయటపడ్డాడు. పద్దెనిమిదేళ్లు నిండడానికి నెల ముందు ఒక ఇంటి దోపిడీలో దొరికాడు. ప్రాసిక్యూషన్ సాయుధ దోపిడీ నేరానికి 30 ఏళ్లు అడిగితే, న్యాయమూర్తి ఇతనికి ఇచ్చిన అవకాశం వృథా అయిందని భావించి యావజ్జీవం వేశారు. ఫ్లోరిడా అప్పటికే పెరోల్ పద్ధతిని ఎత్తేసింది కాబట్టి అది దానంతటదే పెరోల్ లేని యావజ్జీవమైంది. హత్య కాని నేరాలకు ఇలాంటి శిక్ష పడిన మైనర్లు ఎందరని లెక్క తీస్తే, కోర్టు ముందుకొచ్చిన 123 మందిలో 77 మంది ఒక్క ఫ్లోరిడాలోనే ఉన్నారు. అలాంటివారికి ఈ శిక్ష చెల్లదని కోర్టు తేల్చింది. రాష్ట్రం విడుదలకు హామీ ఇవ్వనక్కర్లేదు, పరిణతినీ మార్పునూ చూపితే బయటపడే అర్థవంతమైన అవకాశం మాత్రం ఇవ్వాలి అని ఆ తీర్పులో అన్న మాట ముఖ్యం. ఈ చర్చలో తరచుగా తప్పిపోయే సంగతి ఇదే. పెరోల్ ఉంది అంటే వదిలేస్తారని కాదు, మళ్లీ ఒకసారి చూస్తారని.

2012 నాటి మిల్లర్ వర్సెస్ అలబామా తీర్పు హత్య కేసుల్లోకి అడుగుపెట్టింది. అందులో ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ నేరం నాటికి పద్నాలుగేళ్లే. అర్కాన్సాస్‌కు చెందిన కంట్రెల్ జాక్సన్ మరో ఇద్దరితో కలిసి ఒక వీడియో దుకాణం దోపిడీకి వెళ్లాడు; అతడు మొదట బయటే నిలబడ్డాడు, తర్వాత లోపలికి వెళ్లాడు; తుపాకి పేల్చి గుమాస్తాను చంపింది మరో కుర్రాడు. దోపిడీలో పాల్గొన్నవారందరూ అందులో జరిగిన హత్యకు బాధ్యులేనన్న నియమం వల్ల అతనికీ అదే శిక్ష పడింది. అలబామాలో ఎవాన్ మిల్లర్ కథ వేరు. అతడు మరో కుర్రాడితో కలిసి పొరుగింటాయనను బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి, ఆయన ఉండగానే ట్రెయిలర్ ఇంటికి నిప్పంటించాడు, ఆయన చనిపోయాడు. ఇది ఘోరం కాదని ఎవరూ అనలేరు. అదే సమయంలో, తాగుడుకూ మత్తుకూ బానిసైన తల్లి, కొట్టే మారుతండ్రి, మధ్యమధ్య పెంపుడు ఇళ్లు, పద్నాలుగేళ్లలోపే నాలుగుసార్లు ఆత్మహత్యా ప్రయత్నం, అందులో మొదటిది బాలవాడీకి వెళ్లాల్సిన వయసులో. ఇదంతా ఆ పిల్లవాడి జీవితం. అప్పటి అలబామా చట్టం ప్రకారం శిక్ష వేసేటప్పుడు వీటిలో ఏ ఒక్కటీ లెక్కలోకి రాలేదు.

జస్టిస్ ఎలీనా కేగన్ రాసిన 5-4 తీర్పు సరిగ్గా ఆ చోటే పట్టుకుంది. మైనర్లకు పెరోల్ లేని యావజ్జీవాన్ని ‘తప్పనిసరి’ శిక్షగా నిర్దేశించే చట్టాలు చెల్లవు; న్యాయమూర్తి ముందుగా పిల్లవాడి వయసును, ఇంటి పరిస్థితిని, నేరంలో అతని పాత్రను, మారే అవకాశాన్ని పరిశీలించాలి. అలా పరిశీలించాక కూడా ఆ శిక్ష వేయదలిస్తే వేయవచ్చు, కానీ అలాంటి సందర్భాలు అరుదుగా ఉండాలి. అంటే కోర్టు ఈ శిక్షను రద్దు చేయలేదు. యాంత్రికంగా వేయడాన్ని రద్దు చేసింది. అప్పటికి ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వంతో పాటు 28 రాష్ట్రాల్లో అలాంటి తప్పనిసరి చట్టాలున్నాయి. శిక్ష అనుభవిస్తున్నవారు దాదాపు 2,500 మంది. చీఫ్ జస్టిస్ జాన్ రాబర్ట్స్ అసమ్మతి తీర్పులో, ఇన్ని రాష్ట్రాల శాసనసభలు ఆమోదించి, ఇన్ని వేల మందికి వేసిన శిక్షను ‘అసాధారణం’ అని ఎలా అంటామని అడిగారు. ఆ ప్రశ్నలో బలం ఉంది. శిక్షల తీవ్రతను నిర్ణయించాల్సింది ప్రజలు ఎన్నుకున్న సభలా, తొమ్మిది మంది న్యాయమూర్తులా అన్న పాత తగవు ఈ కేసుల కింద ఎప్పుడూ పారుతూనే ఉంది.

ఇక శాస్త్రం సంగతి. ముందు ఆలోచించి అడుగు వేయించే ముందుమెదడు భాగం ఇరవై ఏళ్లు దాటేదాకా ఎదుగుతూనే ఉంటుందనీ, ఉద్వేగాన్ని, తక్షణ లాభాన్ని వెంటాడించే వ్యవస్థలు అంతకంటే ముందే చురుకవుతాయనీ పరిశోధనలు చెబుతున్నాయి. ఇందులో ఒక మెలిక ఉంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 1990లో గర్భస్రావం కేసులో, నిర్ణయం తీసుకునే పరిణతి కౌమార బాలికలకు ఉంటుందని వాదించింది. రోపర్ కేసులో అదే సంస్థ ఆ వయసువారికి పరిణతి చాలదని వాదించింది. జస్టిస్ స్కాలియా తన అసమ్మతి తీర్పులో దీన్ని ఎత్తిచూపారు. దీనికి లారెన్స్ స్టైన్‌బర్గ్ వంటి మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానం ఆలోచించదగ్గది. పదహారేళ్ల అమ్మాయి డాక్టరుతో, పెద్దవాళ్లతో మాట్లాడి తీరిగ్గా ఆలోచించుకునేటప్పుడు ఆమె బుద్ధి పెద్దవాళ్ల బుద్ధికి తీసిపోదు. అదే వయసు కుర్రాడు రాత్రిపూట స్నేహితులు చుట్టూ ఉండి, వేడెక్కిన క్షణంలో తీసుకునే నిర్ణయం వేరే రకం. ఈ తేడాను ఒప్పుకున్నా మరో చిక్కు మిగులుతుంది. ఈ పరిశోధనలన్నీ సగటు లెక్కలు. ఒక ప్రత్యేకమైన పిల్లవాడి మెదడు స్కాన్ చూసి ఇతడు మారతాడు, ఇతడు మారడు అని చెప్పే పరికరం ఎక్కడా లేదు. ఈ లోటు రెండు పక్షాలకూ వర్తిస్తుంది గానీ, ఒక్కసారి మూస్తే మళ్లీ తెరవని తలుపు విషయంలో దాని బరువు మూసేవాడి మీదే ఎక్కువ పడాలని నా అభిప్రాయం.

మిల్లర్ తీర్పు పాత ఖైదీలకూ వర్తిస్తుందా అన్న ప్రశ్నను తేల్చింది హెన్రీ మాంట్‌గోమరీ కేసు. 1963లో లూసియానాలోని బేటన్ రూజ్ దగ్గర ఒక డిప్యూటీ షెరీఫ్‌ను (స్థానిక పోలీసు అధికారిని) కాల్చి చంపినప్పుడు అతనికి పదిహేడేళ్లు. మొదట ఉరి పడింది; స్థానిక విద్వేష వాతావరణం వల్ల విచారణ సరిగ్గా జరగలేదని రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది; రెండోసారి యావజ్జీవం పడింది. 2016 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు 6-3తో, మిల్లర్ సూత్రం పాతవారికీ వర్తిస్తుందని చెప్పి అతనికి పెరోల్ దారి తెరిచింది. తెరిచాక ఏం జరిగిందో చూడండి. 2018లో బోర్డు కాదంది. 2019లో ముగ్గురు సభ్యుల్లో ఇద్దరు సరేనన్నా, ఏకగ్రీవం కావాలన్న నిబంధన వల్ల మళ్లీ ఆగింది. చివరికి 2021 నవంబరులో, 75 ఏళ్ల వయసులో, 57 ఏళ్లకు పైగా జైలు తర్వాత అతడు బయటికి వచ్చాడు. దేశమంతటా వందల మందికి తలుపు తెరిచిన కేసుకు ఎవరి పేరుందో, అతని వంతు రావడానికి తీర్పు తర్వాత కూడా దాదాపు ఆరేళ్లు పట్టింది.

మిల్లర్ తీర్పు పడిన చోటే దాని పదును తగ్గిన సంగతీ చెప్పుకోవాలి. 2021 ఏప్రిల్ 22న జోన్స్ వర్సెస్ మిసిసిపీ తీర్పు వచ్చింది. బ్రెట్ జోన్స్ పదిహేనేళ్లు నిండిన కొద్దిరోజులకే గొడవలో తాతను పొడిచి చంపాడు. ఈ పిల్లవాడు ఇక బాగుపడడని న్యాయమూర్తి విడిగా తేల్చి చెప్పాలా అన్నది ప్రశ్న. అక్కర్లేదు, వేరే శిక్ష వేసే విచక్షణ న్యాయమూర్తికి ఉంటే చాలు అని జస్టిస్ బ్రెట్ కావనా రాసిన 6-3 తీర్పు చెప్పింది. మాట మిగిలింది, దానికి ఉన్న పట్టు పోయిందని జస్టిస్ సోనియా సోటోమేయర్ తీవ్రంగా అసమ్మతి తెలిపారు. మధ్యలో కోర్టు కూర్పు మారడం ఇందుకు ఒక కారణం. కెన్నడీ 2018లో పదవీ విరమణ చేశారు, జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ 2020లో మరణించారు. జోన్స్ తీర్పు వచ్చిన అయిదో రోజున అలబామా న్యాయమూర్తి ఎవాన్ మిల్లర్‌కు కొత్తగా శిక్ష నిర్ణయిస్తూ మళ్లీ పెరోల్ లేని యావజ్జీవమే వేశారు. అదే తీర్పులోని రెండో పిల్లవాడు కంట్రెల్ జాక్సన్ 2017లోనే విడుదలై ఉన్నాడు.

విడుదలైనవారు ఏమయ్యారన్నది సహజంగా వచ్చే ప్రశ్న. ఈ తీర్పుల తర్వాత దేశం మొత్తంమీద వెయ్యి మందికి పైగా బయటికి వచ్చారు. ఫిలడెల్ఫియాలో విడుదలైన 174 మందిని మాంట్‌క్లెయిర్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు పరిశీలించి 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం, మళ్లీ నేరం రుజువైనవారు ఒక శాతం చుట్టుపక్కలే. దీన్ని చూసి గంతులేయాల్సిన పని లేదు. వారు విడుదలై అప్పటికి ఎక్కువ కాలం కాలేదు, బోర్డు వడపోసి పంపినవారే బయటికి వస్తారు, పైగా వారిలో చాలామంది యాభై దాటినవారు. అయినా ఆ ‘పైగా’లోనే ఒక వాదం ఉంది. వయసుతో పాటు నేరం చేసే వేగం తగ్గుతుందన్నది నేరశాస్త్రంలో గట్టిగా నిలబడిన విషయాల్లో ఒకటి. పెరోల్ లేని యావజ్జీవం ఆ సత్యాన్ని చూడనని ముందే కళ్లు మూసుకుంటుంది. 1953లో పదిహేనేళ్ల వయసులో జైలుకు వెళ్లిన జో లిగాన్ సంగతి మరీ విచిత్రం. పెరోల్‌కు అర్హత వచ్చాక కూడా, జీవితాంతం ఒకరి పర్యవేక్షణలో ఉండనంటూ నిరాకరించి, ఫెడరల్ కోర్టు శిక్షను కొట్టేశాకే 2021 ఫిబ్రవరిలో 83 ఏళ్ల వయసులో 68 ఏళ్ల జైలు తర్వాత ఆయన బయటికి వచ్చాడు.

ఈ వాదంలో మరో పక్కన హతుల కుటుంబాలు ఉన్నాయి. వారి మాటను పగ అని కొట్టేయడం తప్పు. కేసు ముగిసింది, అతడు ఎన్నటికీ బయటికి రాడు అని రాష్ట్రం ఒకనాడు వారికి మాట ఇచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత ఒక ఉత్తరం వచ్చి, ఫలానా తేదీన విచారణ ఉంది, మీ అభిప్రాయం చెప్పవచ్చు అంటుంది. బోర్డు కాదంటే కొన్నేళ్లకు మళ్లీ అదే ఉత్తరం. ప్రతిసారీ బిడ్డ మరణాన్ని అపరిచితుల ముందు మొదటి నుంచి చెప్పుకోవాలి. ఈ వ్యథకు శిక్షను శాశ్వతం చేయడం ఒక జవాబు. విచారణల మధ్య ఎడం పెంచడం, కుటుంబం రాకపోయినా వారి పాత వాంగ్మూలాన్నే లెక్కలోకి తీసుకోవడం, వారికి తోడుగా మనిషిని ఏర్పాటు చేయడం మరో జవాబు. నాకు రెండోదే న్యాయమనిపిస్తుంది, కానీ ఆ ఏర్పాట్లకు డబ్బు, శ్రద్ధ పెట్టకుండా మొదటిదాన్ని మాత్రం విమర్శించేవారి మాట కుటుంబాలకు బోలుగా వినిపిస్తే ఆశ్చర్యం లేదు.

రాష్ట్రాల వారీగా చూస్తే పటం రంగురంగులుగా ఉంది. 28 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ మైనర్లకు ఈ శిక్షను పూర్తిగా నిషేధించాయి. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న కాలిఫోర్నియాలో 25 ఏళ్లు గడిచాక పెరోల్ విచారణ వస్తుంది. టెక్సాస్‌లో అదే 40 ఏళ్లు. జార్జియాలో శిక్ష ఇంకా ఉంది. బాలల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 37వ అధికరణం, 18 ఏళ్లలోపు చేసిన నేరాలకు విడుదల అవకాశం లేని యావజ్జీవం కూడదంటుంది. దానిపై 1995లో సంతకం చేసిన అమెరికా నేటికీ ధ్రువీకరించలేదు.

భారతదేశం 1992లోనే అందులో చేరింది. మన జువెనైల్ జస్టిస్ చట్టం 2015లోని 21వ సెక్షన్ ఇంచుమించు ఆ అధికరణం మాటలనే తీసుకుని, ఉరిశిక్ష గానీ విడుదల అవకాశం లేని యావజ్జీవం గానీ బాలలకు వేయరాదంటుంది. ఇక్కడ జాగ్రత్తగా చదవాలి: విడుదల అవకాశం ‘ఉన్న’ యావజ్జీవం వేయరాదని అందులో లేదు. 2012 డిసెంబరు నాటి దిల్లీ ఘటనలో ఒక నిందితుడికి 18 ఏళ్లు నిండడానికి కొద్ది నెలలు తక్కువ కావడం, పాత చట్టం కింద అతనికి మూడేళ్లే పడడం దేశాన్ని కుదిపేసింది. వయోపరిమితి తగ్గించవద్దని జస్టిస్ వర్మ కమిటీ చెప్పినా, అతడు విడుదలైన రెండు రోజులకు, 2015 డిసెంబరు 22న, రాజ్యసభ కొత్త చట్టాన్ని ఆమోదించింది. దాని 15వ సెక్షన్ ప్రకారం, పదహారు నిండిన బాలుడిపై ఘోర నేరం మోపితే, అతనికి ఆ నేరం చేసే మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు గ్రహించే శక్తి ఉన్నాయా అని జువెనైల్ జస్టిస్ బోర్డు ప్రాథమికంగా అంచనా వేస్తుంది. 2022లో జూబ్లీహిల్స్ అత్యాచార కేసులో మైనర్లను పెద్దలుగా విచారించాలని హైదరాబాద్ పోలీసులు కోరినప్పుడు తెలుగు పత్రికల్లో నడిచిన చర్చ ఈ సెక్షన్ గురించే.

అమెరికా న్యాయమూర్తిని భవిష్యత్తు చెప్పమంటున్నారు. మన బోర్డును, నెలల కిందట ఒక రాత్రి ఒక పిల్లవాడి మనసులో ఏముందో చెప్పమంటున్నారు. రెండూ దుస్సాధ్యమే. ఈ అంచనా ఎంత సున్నితమైనదో 2022లో మన సుప్రీంకోర్టు గుర్తు చేసి, బోర్డులో మనస్తత్వ శాస్త్రం తెలిసినవారు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరి అంది. మన చట్టంలో ఒక మంచి ఏర్పాటు కూడా ఉంది. పెద్దగా విచారించి శిక్షించిన బాలుడిని 21 ఏళ్లదాకా జైలుకు పంపకుండా సురక్షిత కేంద్రంలో ఉంచి, 21 నిండగానే అతనిలో మార్పు వచ్చిందా అని బాలల కోర్టు మళ్లీ చూడాలని 20వ సెక్షన్ చెబుతుంది. ఆ రెండోచూపు కాగితం మీద ఎంత బాగుందో, ఆ మధ్యకాలంలో అతనికి చదువు, కౌన్సెలింగ్ ఎంతవరకు అందుతాయన్న దాని మీదే దాని విలువ ఆధారపడి ఉంది.

అమెరికాలో ప్రశ్న ఇప్పుడు 18 ఏళ్ల గీతను దాటుతోంది. ముందుమెదడు ఇరవై దాటాక కూడా ఎదుగుతుందని కోర్టులే ఒప్పుకున్నాక, పద్దెనిమిదో పుట్టినరోజు నాడు ఏం మారుతుందని న్యాయవాదులు అడగడం మొదలుపెట్టారు. మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం 2024 జనవరిలో 18 నుంచి 20 ఏళ్ల వారికి కూడా పెరోల్ లేని యావజ్జీవం చెల్లదంది. మిషిగన్ సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో 19, 20 ఏళ్ల వారికి దాన్ని తప్పనిసరిగా వేయడాన్ని కొట్టేసింది. ఇప్పుడు మసాచుసెట్స్‌లో ఇరవై ఒకటో పుట్టినరోజుకు ముందు రాత్రి చేసిన హత్యకు ఏదో ఒకనాడు పెరోల్ విచారణ ఉంటుంది, మర్నాటి హత్యకు ఉండదు.